పదో ఏటి ప్రమాణం

చాలాకాలం వెతికిన వస్తువు తీరా చేతికి అందాక మనసు చప్పబడిపోతే, లోపం వస్తువులో ఉందా, వెతికిన మనసులో ఉందా అన్న ప్రశ్నకు భగవద్గీత రెండో అధ్యాయంలో సమాధానం దొరుకుతుంది. ఒకే విషయాన్ని అదేపనిగా తలచుకుంటే దానిపై సంగం, అంటే విడిపించుకోలేని తగులం, పుడుతుందనీ, ఆ సంగం కామంగానూ, కామం క్రోధంగానూ మారుతుందనీ భగవానుడు అర్జునుడికి మెట్టుమెట్టుగా వివరించాడు. కామం నెరవేరినప్పుడు సైతం తృప్తి కలుగుతుందన్న భరోసా లేదు; కొడుకు యౌవనాన్ని అడిగి పుచ్చుకొని వెయ్యేళ్లు భోగించిన యయాతి చివరికి, భోగించినకొద్దీ కోరిక పెరుగుతుందే గాని తీరదన్నాడు. చాలు అనుకోగలిగిన మనఃస్థితిని పెద్దలు అలంబుద్ధి అన్నారు. అది నేటి కాలంలో ఎంతగా కరువైందో పాత సినిమాలను వెతికి చూసేవారి నిరుత్సాహంలోనూ కనిపిస్తుంది.

పెన్న ఒడ్డున ఉన్న తాడిపత్రిలో 1912లో జన్మించిన కదిరి వెంకటరెడ్డి, తెలుగువారందరికీ కె.వి.రెడ్డిగా తెలిసిన దర్శకుడు, పోతన, వేమనల జీవితాలను తెరకెక్కించి, 1957లో ‘మాయాబజార్’ను అందించి, మరుసటి ఏడాది డిసెంబరులో ‘పెళ్లినాటి ప్రమాణాలు’ అనే కుటుంబ కథాచిత్రాన్ని విడుదల చేశాడు. పింగళి నాగేంద్రరావు మాటలు, పాటలు, ఘంటసాల సంగీతం, అక్కినేని నాగేశ్వరరావు, జమున, ఎస్.వి.రంగారావు, రాజసులోచనల నటన కలిసిన ఆ చిత్రానికి 1958 సంవత్సరపు జాతీయ పురస్కారాల్లో తెలుగు చిత్రంగా గౌరవం దక్కింది. ‘మాయాబజార్’ను లెక్కలేనన్నిసార్లు చూసినవారు అదే చేతి నుంచి వచ్చిన తరువాతి చిత్రమని దీన్ని ఏళ్ల తరబడి వెతికి, ఎట్టకేలకు చూసి, ఇంతేనా అని పెదవి విరుస్తారు. ఇందులో ఘటోత్కచుడు లేడు, మాయలు లేవు. ప్రేమించి పెళ్లాడిన ఒక భర్త, పదేళ్ల కాపురం తరువాత ఇల్లూ ఇల్లాలూ పాతబడినట్టు తోచి మరొక స్త్రీ వైపు మనసు మళ్లించుకోవడం, పెళ్లిలో చేసిన ప్రమాణాలు అతనికి మళ్లీ గుర్తు చేయవలసిరావడం, కథ అంతే.

అయితే ఆ ప్రేక్షకుడికి కలిగిన విసుగును కాస్త పట్టి చూస్తే, అది తెరపై ఉన్న భర్తకు కలిగిన విసుగే అని తేలుతుంది. ఎదురుగా ఉన్నదానిలో లేనిదాన్ని వెతకడం, ఉన్నదాన్ని ఉన్నట్టు చూడలేకపోవడం ఇద్దరికీ ఉమ్మడి రోగం. చిత్రం నెమ్మదిగా నడుస్తుందన్న మాట కొట్టిపారేయదగినది కాదు. ఆ నెమ్మది నేటి కంటికి భారమే. కానీ ఫోనులో ముక్కలు ముక్కలుగా, నచ్చని చోటల్లా ముందుకు జరుపుతూ చూసే అలవాటు మరీ అన్యాయమైనది, ఎందుకంటే కాపురంలో పదో ఏటిని ఎవరూ అలా జరిపి దాటలేరు. ఇచ్చిన మాటపై నిలవడం ఎంత కష్టమో చూపడానికి అదే దర్శకుడు 1965లో ‘సత్య హరిశ్చంద్ర’ తీశాడు. హరిశ్చంద్రుడికి కాటికాపరితనమైనా పరీక్షగా వచ్చింది. సామాన్య గృహస్థుకు వచ్చే పరీక్ష ఒట్టి విసుగు రూపంలోనే వస్తుంది గనుక అది పరీక్షని కూడా అతనికి తెలియదు.

ఎదురుచూపు, ఆశాభంగం ఆ దర్శకుడు పుట్టిన అనంతపురం సీమకు కొత్త కావు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ మెట్టనేలలో వేరుసెనగ విత్తిన రైతు, ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే, పైన ఆకు పచ్చగా ఉన్నా నమ్మక, ఒక మొక్కను పీకి మట్టి దులిపి వేళ్ల మధ్య కాయలు నొక్కి చూస్తాడు. తాలుకాయలే కనిపించినా మరుసటి ముంగారుకు మళ్లీ విత్తనం దాచుకుంటాడు. నేలతో అతని బంధం ఒక ఏటి పంటపై ఆధారపడినది కాదు.

ఇదే సీమలో లేపాక్షి వీరభద్రాలయం వెనుక, విజయనగర కాలంలో కోశాధికారి విరూపణ్ణ తలపెట్టిన కల్యాణమండపం పైకప్పు లేక అసంపూర్తిగా నిలిచిపోయింది. పార్వతీ పరమేశ్వరుల పెళ్లికి తరలివచ్చిన దేవతలూ ఋషులూ ఆ స్తంభాలపై ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ నేటికీ నిలబడే ఉన్నారు, కాగా నేటి పెళ్లిళ్లకు వచ్చినవారు అక్షతలు వేసీ వేయకముందే భోజనాల వరుసలో చేరుతున్నారు. అలా వారు చూడకుండా వదిలేసే సప్తపది అంటే అగ్నిసాక్షిగా వధూవరులు కలిసి వేసే ఏడడుగులు. మొదటి అడుగు అన్నం కోసం, రెండవది బలం కోసం, ఏడవ అడుగుతో ఇద్దరి మధ్య సఖ్యం, అనగా స్నేహం, స్థిరపడుతుంది. ధర్మార్థకామాల్లో ఈమెను అతిక్రమించి నడవనని వరుడు పలికే మాట నాతిచరామి. ఇంత బరువైన ఘట్టాన్ని కెమెరాకు సరిగ్గా పడలేదని ఆపించి, అడుగు వెనక్కి వేయించి, మళ్లీ నడిపించడం చూసినప్పుడు బాధ కలగక మానదు. పెళ్లికి ముందే కొండల్లో, కోటల్లో తీయించుకున్న దృశ్యాలతో కాపురంపై పెంచుకున్న ఆశ ఎంతటిదో, పదేళ్లకు కలిగే వెలితి అంతటిదవుతుంది.

మాఘమాసం వచ్చిందంటే పెళ్లి ముహూర్తాలు మొదలవుతాయి. పెళ్లి జరిపించే తల్లిదండ్రులు పురోహితుడిని ముందుగానే కలిసి, ఏడడుగుల్లో ఒక్కొక్కదాని అర్థాన్ని వధూవరులకు తెలుగులో చెప్పించాలనీ, అది ముగిసేదాకా ఫొటోగ్రాఫర్లను వేదిక దిగి నిలబడమని కోరాలనీ ఈ శీర్షిక విన్నపం.