ఎదురు డబ్బిచ్చి పనిచేయాలా?

నర్సింగ్ పాసై, నర్సింగ్ కౌన్సిల్లో పేరు నమోదు చేయించుకుని పట్నం వెళ్ళిన మన ఆడపిల్లలకు ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఎక్స్‌పీరియన్స్ ఉందా?" లేదంటే రెండో మాట వస్తుంది. "ఆర్నెల్లు మా దగ్గర ట్రైనింగ్ చెయ్యి, తర్వాత సర్టిఫికెట్ ఇస్తాం." అన్ని ఆసుపత్రులూ ఒకేలా లేవు. కొన్ని తక్కువ జీతంతో సరిపెడతాయి. కొన్ని ఊరికే చేయించుకుంటాయి. కొన్ని మాత్రం ట్రైనింగ్ ఫీజు కట్టమంటాయి. ఈ చివరి రకం న్యాయమేనా అన్నది నా ప్రశ్న.

ముందు ఆసుపత్రి మాట విందాం. కాలేజీలో చదివింది వేరు, ఐసీయూలో పని వేరు. వెంటిలేటర్ అలారం మోగితే ముందు ఏం చూడాలో, పంపులో మందు మోతాదు ఎలా పెట్టాలో పక్కన సీనియర్ నిలబడి చూపించాలి. ఆ సీనియర్‌కు జీతం ఇస్తున్నది ఆసుపత్రే. పని వచ్చాక ఆ అమ్మాయి గల్ఫ్‌కో ఇంగ్లండ్‌కో వెళ్ళిపోతుంది. మరి ఆ ఖర్చు ఎవరు భరించాలి? ఈ మాటలో నిజముంది. కొట్టిపారేయలేం.

అయితే చదువుకూ పనికీ మధ్య ఒక గీత ఉంది. ఆ గీత ఎక్కడుందో తెలియాలంటే వార్డులో గోడకు అంటించిన డ్యూటీ చార్టు చూస్తే చాలు. ట్రైనీ పేరు అందులో ఉందా? ఆమె రాకపోతే ఆ రాత్రి ఇంకొకరిని పిలవాల్సి వస్తుందా? వస్తే ఆమె చేస్తున్నది పని. రోగి ఆ రాత్రికి ఆసుపత్రికి బిల్లు కడుతున్నాడు. ఆ బిల్లులో ఈమె కాపలా కూడా ఉంది. అంటే ఆసుపత్రి ఒకే రాత్రికి రోగి దగ్గరా, నర్సు దగ్గరా రెండు వైపులా డబ్బు తీసుకుంటోంది. పని చేస్తూ నేర్చుకోవడం తప్పు కాదు. పనికి కూలి ఇవ్వకపోవడం తప్పు. ఎదురు డబ్బు అడగడం అంతకంటే పెద్ద తప్పు.

ఎంబీబీఎస్ పిల్లల్ని చూడండి. హౌస్ సర్జన్‌గా ఏడాది పనిచేసేటప్పుడు వాళ్ళూ నేర్చుకుంటూనే ఉంటారు. వాళ్ళకు స్టైపెండ్ ఉంటుంది. అది ఆలస్యమైతే సమ్మె చేస్తారు, పత్రికలు రాస్తాయి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఫ్యాక్టరీలో పని నేర్చుకునే కుర్రాడికి కూడా స్టైపెండ్ ఇవ్వాలంటుంది. నర్సు దగ్గరికి వచ్చేసరికి "ఇది సేవ అమ్మా" అంటారు. సేవ చేసేవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళు, అందులోనూ పేదింటి వాళ్ళు. సేవ అనే మంచి మాటను జీతం ఎగ్గొట్టడానికి వాడుకోవడం ఆ మాటకే అవమానం.

ఈ ఫీజు అందరి మీదా ఒకేలా పడదు. ఆశ్రమ పాఠశాలలో చదివి, స్కాలర్‌షిప్ మీద నర్సింగ్ పూర్తిచేసిన అమ్మాయికి ప్రభుత్వ సాయం కాలేజీ గేటు దగ్గరే ఆగిపోతుంది. ఆ తర్వాత ట్రైనింగ్ ఫీజూ, హాస్టల్ అద్దే, భోజనం ఇంటివాళ్ళే చూసుకోవాలి. 1/70 చట్టం వల్ల మన భూమిని బయటివాళ్ళకు రాసివ్వలేం. అది మనకు రక్షణే. కానీ అవసరానికి అప్పు కావాలంటే సంతలో షావుకారు దగ్గరికే పోవాలి. జీడిపిక్కలో, చింతపండో, పత్తో ముందే అతనికి ఒప్పుకోవాలి. అంటే అమ్మాయి ఐసీయూలో రాత్రి నిలబడినందుకు ఇంటి దగ్గర తండ్రి పంట అప్పుకింద పోతుంది.

అప్పు ముందు, పని తర్వాత. ఈ వరస మన పెద్దలకు బాగా తెలుసు. విశాఖ మన్యంలోనూ కోరాపుట్‌లోనూ అప్పు తీర్చడానికి మనిషే పాలేరై పోయే పద్ధతి ఉండేది. వెట్టిని రద్దు చేస్తూ 1976లో దేశమంతటికీ చట్టం వచ్చింది. అంతకు చాలా ముందే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పని చేయించుకుని సరైన కూలి ఇవ్వకపోవడం 1922 మన్యం తిరుగుబాటుకు ఒక కారణమైంది. ట్రైనింగ్ ఫీజూ వెట్టీ ఒకటే అని నేననను. ఇక్కడ అమ్మాయి కాదని వెళ్ళిపోవచ్చు. కానీ అనుభవ పత్రం లేకుండా ఉద్యోగం రాదు, ఫీజు కట్టకుండా ఆ పత్రం రాదు అన్నప్పుడు ఆ కాదనే హక్కు ఎంత మిగిలింది?

రోగి వైపు నుంచి కూడా చూడాలి. ఫీజు కట్టగలిగినవాళ్ళే నేర్చుకుంటే, కట్టలేనివాళ్ళు ఏ చిన్న నర్సింగ్ హోంలోనో నేర్పేవాళ్ళు లేకుండానే నైట్ డ్యూటీలో ఒంటరిగా నిలబడతారు. అక్కడ పొరపాటు జరిగితే నష్టపోయేది రోగి. కాబట్టి శిక్షణ నర్సుకు అమ్మే సరుకు కాదు. రోగి పట్ల ఆసుపత్రికి ఉన్న బాధ్యత అది.

"నేర్చుకుని వెళ్ళిపోతారు" అన్న భయానికి ఏం చెప్పాలి? మంచి జీతమిస్తే చాలామంది ఉంటారు. 2011-12లో కేరళ నర్సులు సమ్మెకు దిగింది తక్కువ జీతాల మీదా బాండ్ల మీదా. తర్వాత 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. ఆ సిఫారసును ముందు అమలు చేసి, ఆ తర్వాత వెళ్ళిపోయేవాళ్ళ గురించి మాట్లాడటం న్యాయం. స్టైపెండ్ ఇచ్చి, ఏడాది ఉండమని కోరితే అది ఒప్పందం. ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి తాళం వేస్తే అది తాకట్టు.

ఫీజు ఎప్పుడూ తప్పేనా? కాదు. డ్యూటీ చార్టులో పేరు లేకుండా, తరగతులు పెట్టి, పరీక్ష పెట్టి, ఎక్కడైనా చెల్లే సర్టిఫికెట్ ఇచ్చే కోర్సు అయితే అది చదువు. దానికి ఫీజు ఉండొచ్చు. దానికీ స్కాలర్‌షిప్ వర్తింపజేయమని మనం అడగాలి.

ఇంకో పని ఐటీడీఏలు చేయొచ్చు. భద్రాచలం, పాడేరు, రంపచోడవరం లాంటి చోట్ల ప్రభుత్వ ఆసుపత్రులున్నాయి. మన పిల్లలకు మొదటి ఏడాది అక్కడే స్టైపెండ్‌తో శిక్షణ ఇవ్వొచ్చు. కాన్పుకు వచ్చిన ఆమె కోయలోనో కువిలోనో నొప్పి ఎక్కడుందో చెబితే అర్థం చేసుకునే నర్సు అక్కడ ఉంటుంది. ఆ భాష ఏ ఆసుపత్రీ నేర్పలేదు, దానికి ఫీజూ అడగలేదు. అది మన పిల్ల ఇంటి నుంచి తెచ్చుకున్న నేర్పు.

అందాకా తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే. అప్పుకు పోయే ముందు రెండు మాటలు అడగండి. "మా అమ్మాయి పేరు డ్యూటీ చార్టులో ఉంటుందా? ఉంటే నెలకు ఎంత ఇస్తారు?" ఆ జవాబు కాగితం మీద రాయించుకోండి.