భూమి బల్లపరుపా? విశ్వాసి బాధ్యత ఏమిటి?

ఆ మధ్య ఆళ్లగడ్డలో ఇషా నమాజు ముగిశాక ఒక యువకుడు నా దగ్గరికి వచ్చి సెల్‌ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. భూమి గుండ్రంగా లేదట, బల్లపరుపుగా ఉందట. చంద్రుని మీదికి ఎవరూ వెళ్లలేదట. రాకెట్లు, ఉపగ్రహాలు అన్నీ నాటకమట. "హజ్రత్! భూమిని పరిచామని ఖుర్‌ఆన్‌లోనే ఉంది కదా! గుండ్రంగా ఉందని నమ్మితే ఈమాన్‌కు భంగం కాదా?" అని అడిగాడు. అతని గొంతులో ఎగతాళి లేదు, ధర్మం పట్ల ఆరాటమే ఉంది. అలాంటి ప్రశ్నకు నిదానంగా సమాధానం చెప్పుకోవాలి.

పరచడం అంటే ఏమిటి?

భూమి పరచబడిందన్న దివ్యఖుర్‌ఆన్ మాట (88:20) ముమ్మాటికీ సత్యం. అయితే అది మనిషి నడవడానికి, సేద్యం చేసుకోవడానికి, నివసించడానికి వీలుగా ఉండటమనే అనుగ్రహాన్ని గుర్తుచేసే మాట. ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ (రహ్మ) ఈ ఆయత్ వ్యాఖ్యానంలోనే ఈ సందేహాన్ని తీర్చారు. గోళం చాలా పెద్దదైతే దాని ప్రతి భాగమూ చదునుగానే ఉంటుందని వివరించారు. మరోచోట (39:5) అల్లాహ్ రాత్రిని పగటిపై, పగటిని రాత్రిపై చుడుతున్నాడని ఉంది. అక్కడి అరబీ పదం తలపాగా చుట్టడానికి వాడే పదమే. అందలూసియా పండితుడు ఇబ్నె హజ్మ్ (994-1064) ఈ ఆయత్‌నే ఆధారంగా చూపారు. ఇమాములనదగిన పండితులెవరూ భూమి గోళాకారాన్ని కాదనలేదని కూడా రాశారు. కనుక ఇది నిన్న మొన్న ఇతరుల నుండి మనం అరువు తెచ్చుకున్న మాట కాదు.

ఋజువు కావాలంటే చలికాలంలో నంద్యాల మిద్దె మీద నిలబడి దక్షిణం వైపు చూడండి. అగస్త్య నక్షత్రం మెరుస్తూ ఉంటుంది. అరబ్బులు దాన్ని సుహైల్ అంటారు. ఉత్తరాన ఉన్న ఇస్తాంబుల్‌లో అది ఏ రాత్రీ కనిపించదు. భూమి వంపు దానిని మరుగుపరుస్తుంది. భూమి బల్లపరుపైతే అక్కడివారికీ కనిపించాలి కదా!

చూడనిదాన్ని నమ్మడం ఎలా?

"నక్షత్రం సరే, రాకెట్టు వెళ్లిన చోటును మనం చూడలేదు కదా!" అన్నాడతను. శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం 885 అడుగులు. మనలో ఎవరు కొలిచారు? అయినా నీరు ఇంత వచ్చిందని ప్రకటించగానే రైతు నారు పోసుకుంటాడు. పోతిరెడ్డిపాడు తూముల నుండి బానకచెర్ల మీదుగా కాలువలు పారినప్పుడు ఆ మాట నిజమని తేలుతుంది. నమ్మదగిన సాక్ష్యం లేకుండా ఒక్కరోజు కూడా బ్రతకలేం.

సాక్ష్యాన్ని ఎలా తూచాలో హదీసు విద్య మనకు నేర్పింది. కూడబలుక్కుని అబద్ధమాడటం అసాధ్యమనిపించేంత మంది చెప్పిన వార్తను 'ముతవాతిర్' అంటారు. 1969 జూలైలో అమెరికన్లు చంద్రునిపై దిగినప్పుడు వారి బద్ధ ప్రత్యర్థి సోవియట్ యూనియన్ దాన్ని అబద్ధమనలేదు. 1970లో సోవియట్ నౌక, 2020లో చైనా నౌక చంద్రుని మట్టి తెచ్చాయి. 2023 జూలై 14న మన శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న అక్కడ దిగింది. ఒకరంటే ఒకరికి పడని దేశాలన్నీ కలిసి ఒకే అబద్ధాన్ని ఇన్నేళ్లు మోస్తాయా?

అసలు ప్రమాదం

"ప్రభుత్వాలు అబద్ధాలాడవా?" అంటారు. ఆడతాయి. అనుమానం వస్తే అడగడం తప్పు కాదు. మృతులను ఎలా లేపుతావో చూపమని ఇబ్రాహీం (అలైహి) తన ప్రభువునే అడిగారు (2:260). కానీ ఆయన మనసు కుదుటపడటానికి అడిగారు, నింద వేయడానికి కాదు. "అంతా నాటకం" అనడమంటే వేలాదిమంది శాస్త్రవేత్తలను, కార్మికులను అబద్ధాలకోరులని ముద్రవేయడమే. తెలియనిదాని వెంట పడవద్దని (17:36), వార్తను నిర్ధారించుకోమని (49:6), అనుమానాలకు దూరంగా ఉండమని (49:12) ఆదేశించిన గ్రంథం మన చేతిలో ఉంది. విన్నదల్లా చెప్పుకు తిరగడమే మనిషి అబద్ధీకుడు కావడానికి చాలునని దైవప్రవక్త (స) హెచ్చరించారు.

ఆయన పసికుమారుడు ఇబ్రాహీం చనిపోయిన రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ పిల్లవాడి మరణం వల్లనే గ్రహణమని జనం అనుకున్నారు. దుఃఖంలో ఉన్న తండ్రి మౌనంగా ఉండిపోవచ్చు. కానీ ఆయన (స) లేచి, సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలని, ఎవరి చావు పుట్టుకల వల్లా వాటికి గ్రహణం పట్టదని చెప్పారు. తన ఇంటి గౌరవాన్ని పెంచే వదంతినే ఆయన ఒప్పుకోలేదు! అలాంటప్పుడు ఆయన ధర్మానికి అసత్యం ఊతమెలా అవుతుంది? గ్రహణాల లెక్కలను ధర్మం పేరిట ఖండించేవాడు ధర్మానికే హాని చేస్తాడని ఇమామ్ గజాలీ (రహ్మ) తొమ్మిది వందల ఏళ్ల క్రితమే హెచ్చరించారు. కళ్లెదుటి విషయంలో మనం తప్పు చెబితే, కంటికి కనిపించని పరలోకం గురించి మన పిల్లలు మన మాట ఎలా నమ్ముతారు?

"ఈ వీడియో ఎంతమందికి పంపావు?" అని అడిగాను. అతను తల దించుకున్నాడు. పశ్చాత్తాపపడటంతోపాటు దిద్దుకుని, సత్యాన్ని విడమరచి చెప్పినవారికే క్షమాపణ ఉందని ఖుర్‌ఆన్ (2:160) చెబుతోంది. కాబట్టి ఎవరెవరికి పంపాడో వారందరికీ ఈ మాట కూడా చేరవేయమన్నాను.

సత్యాన్ని సత్యంగా చూసి అనుసరించే భాగ్యాన్ని, అసత్యాన్ని అసత్యంగా చూసి తప్పుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.