కుట్టు మిషన్ దగ్గర ఒక ప్రశ్న: ఆసక్తి ఉండొచ్చా?

ఈ వారం వీడియోలో గీత మూడో అధ్యాయం 19వ శ్లోకం గురించి మాట్లాడుకున్నాం కదా. చేయాల్సిన పనిని ఆసక్తి లేకుండా చెయ్యమంటాడు కృష్ణుడు. టైమ్ చాలక అందులో చెప్పలేకపోయిన ఒక సంగతి ఇక్కడ రాస్తున్నాను.

తెలుగులో మనకి ఆసక్తి అంటే ఇంట్రెస్ట్. మంచి మాట. బయోడేటాలో కూడా రాసుకుంటాం. సంస్కృతంలో అదే మాటకి తగులుకోవడం, అంటుకుపోవడం అని అర్థం. ఇష్టమైన పని దొరకడం అదృష్టం అని ఒక పక్క నమ్ముతాం. దేనికీ అంటుకుపోకూడదని ఇంకో పక్క వింటాం. రెండూ నిజమే అనిపించేవాళ్ళం ఏం చెయ్యాలి? నాకు ఈ ప్రశ్న పుస్తకం చదువుతుంటే రాలేదు, బట్టలు కుడుతుంటే వచ్చింది.

రెండేళ్ళుగా నా బట్టలు నేనే కుట్టుకుంటున్నాను. మొదలుపెట్టడానికి గొప్ప కారణమేమీ లేదు, బ్లౌజుకిచ్చే కుట్టుకూలి చీర ధరతో పోటీ పడుతోంది, అంతే. ఇంట్లో అమ్మ కాలితో తొక్కే పాత మిషన్ ఉంటే దానికి మోటారు పెట్టించాను. దిండు గలేబులు, తర్వాత కుర్తీ, తర్వాత లైనింగ్ బ్లౌజు. చంక దగ్గర ముడతలు రాకుండా చెయ్యి అతికించడం వచ్చిన రోజు తలెత్తి చూస్తే రాత్రి ఒంటిగంట. ఆకలి కూడా తెలియలేదు. ఆఫీసు పనిలో నాకెప్పుడూ అలా జరగలేదు.

మరి ఇది బంధమేనా?

కుట్టే పనిలో ఎవరికీ కనపడనిదే ఎక్కువ. కాటన్ గుడ్డయితే కోసేముందే తడిపి ఆరెయ్యాలి, లేకపోతే కుట్టాక మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది. కొన్న రోజే కుట్టేద్దామని చేతులు లాగుతుంటాయి, అయినా ఒక పూట ఆగాలి. పక్కల్లో లోపల బట్ట వదలాలి, ఒళ్ళొస్తే కుట్లు విప్పుకోవడానికి. కుట్టు వంకర పోతే విప్పి మళ్ళీ వెయ్యాలి. ఇవేవీ ఫొటోలో పడవు. ఆ పనులు చేస్తున్నంతసేపు నాకు నేను గుర్తుండను. అన్నీ అయ్యి, వేసుకుని అద్దం ముందు నిలబడగానే మాత్రం "నేను కుట్టాను" అన్నది వచ్చి కూర్చుంటుంది. ఎవరైనా అడిగితే బావుండు అనిపిస్తుంది. అడక్కపోతే నేనే చెప్పేస్తాను కూడా! గీత వద్దనేది ఈ రెండోదాన్నే అని నా నమ్మకం.

గాంధీగారు గీతను గుజరాతీలోకి అనువదించి దానికి 'అనాసక్తి యోగం' అని పేరు పెట్టారు. 1930లో వచ్చిన పుస్తకం అది. ఆ పేరు పెట్టిన మనిషి రోజూ నియమంగా కూర్చుని రాట్నం వడికినవాడు. అనాసక్తి అంటే పని మీద మనసు లేకపోవడం అనుకుంటే ఆ రాట్నం అర్థం కాదు.

కుట్టడం వచ్చాక ఇంకొకటి కూడా తెలిసింది. రెడీమేడ్ షర్టు ఫ్యాక్టరీలో దానంతటదే తయారై రాదు. అక్కడా ఒక మనిషి మిషన్ ముందు కూర్చుని, గుడ్డని చేత్తో తిప్పుతూ, కాలర్ అతికించాల్సిందే. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావార్‌లో రానా ప్లాజా కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలు బీటలు వారాయి, అయినా గార్మెంట్ పనివాళ్ళని రమ్మన్నారు. అప్పుడది నాకొక వార్త. ఇప్పుడు సేల్‌లో రెండొందల టాప్ చూస్తే, దాని చేతులు అతికించడానికి ఎంతసేపు పట్టిందో వేళ్ళకి తెలుస్తుంది. బంధమైతే మనిషిని తనలోకి ముడుచుకునేలా చెయ్యాలి కదా. ఇదేమో నాకు సంబంధం లేదనుకున్నవాళ్ళని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టింది.

అయితే, అంతా తేలిపోయిందని చెప్పలేను.

అమ్మమ్మ పోయాక ఆవిడ పట్టుచీర ఒకటి బీరువాలో ఉండిపోయింది. అక్క కూతురికి దాంతో పరికిణీ కుడతానన్నాను. "మా అమ్మ చీర మీద కత్తెర పెడతావా?" అంది అమ్మ. ఆ తర్వాత ఇంకో మాట లేదు. కానీ పట్టుని మడతలోనే ఉంచేస్తే ఆ మడతల దగ్గరే చిరుగుతుంది. దాచుకున్నా అది పోయేదే. గీత రెండో అధ్యాయంలో ఆత్మ శరీరాన్ని వదలడానికి పాతబట్టతో పోలిక చెబుతారు, ఎవరైనా పోయిన ఇంట్లో మనం వినేది అదే. నిజానికి మన ఇళ్ళలో పాతబట్టని అంత తేలిగ్గా ఎవరు వదిలారు? నేతచీర పసిపిల్లకి ఉయ్యాల అయ్యేది, తర్వాత బొంత అయ్యేది, చివరికి వంటింట్లో మసిగుడ్డ అయ్యేది. ఆ శ్లోకం విన్నప్పుడల్లా నాకు ఆ ఉయ్యాలే గుర్తొస్తుంది.

మూడు వారాల తర్వాత అమ్మే చీర తీసి మంచం మీద పరిచింది. "కొంగు మాత్రం నాకుంచు" అంది. కొంగు తీసి ఇచ్చాను. మిగతాదాంట్లో మడతల దగ్గర బలం లేని చోట్లు వదిలేసి, లోపల కాటన్ లైనింగ్ వేసి కుట్టాను. పిల్ల పొడుగైతే ఏడాదికొకటి విప్పుకునేలా కింద రెండు టక్కులు పెట్టాను.

సంక్రాంతికి వేసుకుంది. అరగంటలో పులిహోర నూనె పడింది దాని మీద. నాకు గుండె కలుక్కుమంది. పిల్ల బిక్కమొహం వేసుకుని నా వైపే చూస్తోంది.

"కట్టుకునే బట్టన్నాక పడదూ?" అంటూ అమ్మ పౌడర్ డబ్బా తెచ్చి మరక మీద చల్లింది.