మారీచుడి గొంతు

పక్షికి అబద్ధం చెప్పొచ్చా? ప్రశ్న కొంచెం పిచ్చిగా ఉందని నాకూ తెలుసు. మనుషులకి చెప్పే అబద్ధాల సంగతే ఇంకా తేలలేదు. కానీ బర్డింగ్ చేసేవాళ్ల మధ్య ఇది నిజంగానే గొడవలు తెచ్చే ప్రశ్న. వాళ్లు దీన్ని 'ప్లేబ్యాక్' అంటారు. ఫోన్లో పిట్ట కూత రికార్డింగు ఉంటుంది. స్పీకర్ పెట్టి వినిపిస్తే పొదలో దాక్కున్న పిట్ట బయటికొస్తుంది, మనం ఫొటో తీసుకుంటాం. అది పాట నచ్చి రాదు. తన జాగాలోకి ఇంకో మగపిట్ట చొరబడిందనుకుని, తరిమెయ్యడానికి వస్తుంది.

మొన్న జూన్‌లో, మిరుగు దాటిన వారం, శ్రీరాంపూర్ నుంచి నలుగురం బయల్దేరాం. నేను, గనిలో పనిచేసే నా చిన్ననాటి దోస్తు, రిటైరైన వాళ్ల కాకా, పెద్ద లెన్సు వేసుకుని హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు. శ్రీరాంపూర్ బొగ్గు ఊరు. పక్షుల కోసం ఎవరూ ఇక్కడికి రారు, కానీ పొద్దున్నే గోదావరి వైపు నడిస్తే ఒట్టి చేతుల్తో తిరిగి రారు. కరెంటు తీగల మీద పాలపిట్ట, ఎట్రింత. ఈత చెట్టుకి గిజిగాడి గూళ్లు, సగం అల్లినవి. ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టల మీద తీతువు పిట్ట మనల్ని చూసి అరుస్తూనే ఉంటుంది. దూరంగా జైపూర్ కరెంటు ప్లాంటు చిమ్నీలు. ఎండెక్కాక కారెక్కి లక్షెట్టిపేట మీదుగా జన్నారం వైపు వెళ్లాం. అక్కడి కవ్వాల్ అడవి 1965 నుంచి అభయారణ్యం, 2012 నుంచి టైగర్ రిజర్వ్. మేం లోపలికి వెళ్లలేదు. అంచున ఊళ్ల మధ్య బాట పట్టుకుని, టేకు చెట్ల కింద నడిచాం.

అక్కడ కూసింది పొన్నంగి పిట్ట. ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం, కడుపు కింద ఎరుపు, కంటి మీదుగా నల్ల పట్టీ. హిందీలో నవరంగ్ అంటారు. చలికాలం దక్షిణాదిలో, శ్రీలంకలో గడిపి, వానలకి ముందు గూడు పెట్టుకోడానికి ఇటొస్తుంది. రెండు ముక్కల ఈల వేస్తుంది, కనపడదు. ఎండుటాకుల్లో గెంతుతూ తిరిగే పిట్ట అది, పొద కింద ఉంటే ఉన్నట్టే తెలీదు. కుర్రాడు ఫోన్ తీశాడు. అర నిమిషం. పిట్ట వచ్చి మా ముందు కొమ్మ మీద వాలింది. అందరం చూశాం. చాలా బాగుంది, ఆ మాట దాచను. ఫోన్ ఆపేశాక కూడా అది చాలాసేపు కూస్తూ, కొమ్మ మార్చి కొమ్మ మీదికి ఎగురుతూ, లేని శత్రువు కోసం వెతుకుతూనే ఉంది.

అక్కడ నాకు గుర్తొచ్చింది మారీచుడు. బంగారు లేడి వేషం గురించి అందరూ మాట్లాడతారు గానీ, అసలు పని చేసింది ఆ వేషం కాదు, చచ్చేముందు రాముడి గొంతుతో వేసిన కేక. లక్ష్మణుణ్ణి గుమ్మం ముందు నుంచి కదిలించింది ఆ గొంతే. వేటగాళ్లకీ ఈ విద్య తెలుసు. మచ్చిక చేసిన పిట్టని కట్టేసి, దాన్ని చూపి అడవి పిట్టల్ని రప్పిస్తారు. ఆ ఎరపిట్టని తెలుగులో దీమం అంటారు. అంటే ఈ పనికి మనకి సొంత మాట ఉంది, అది వేట మాట.

ఇదంతా చెప్తే కాకా నవ్వాడు. "గనిల రోజూ బ్లాస్టింగ్ పెడ్తే ఇంట్ల గిన్నెలు కదుల్తయి. గప్పుడు లేని పాపం గీ ఫోన్ల వచ్చిందా బిడ్డా?"

తీసిపారేసే మాట కాదు. జంతువుల విషయంలో బెంథామ్ అడిగింది వాటికి బాధ తెలుస్తుందా అనే. ఆ కొలతతో చూస్తే అర నిమిషం ఈల ఏపాటిది? ఇక 1797లో, ఇంటి ముందుకొచ్చిన హంతకుడికి కూడా అబద్ధం చెప్పకూడదని రాసిన కాంట్, జంతువుల పట్ల మనకి నేరుగా ఏ బాధ్యతా లేదన్నాడు. హంతకుడికి దక్కిన మర్యాద పొన్నంగికి దక్కలేదు. కాకా గెలిచినట్టే. కానీ నా పేచీ నష్టం గురించి కాదు. బ్లాస్టింగ్ పిట్టని ఉద్దేశించి చేసేది కాదు. ఫోన్లో కూత మాత్రం సరిగ్గా దానికే, దాని భాషలో, దాని చిరునామాకి వెళ్లింది. మా ఉద్యోగాల్లో దీన్ని స్పూఫింగ్ అంటారు, పంపేది ఒకరు, పేరు ఇంకొకరిది. అవతలి సిస్టమ్ చెక్కుచెదరకపోయినా మేం దాన్ని దాడి కిందే రాసుకుంటాం.

పైగా, మేం చూసింది ఏమిటి? పొన్నంగినా, మా ఫోన్‌తో దాని తగాదానా? దసరాకి పాలపిట్టని చూస్తే మంచిదని, దాన్ని పట్టి పంజరంలో పెట్టి చూపించి డబ్బులు తీసుకునేవాళ్లున్నారు. పట్టడం 1972 చట్టం ప్రకారం నేరం, అదలా ఉంచండి. శకునమంటే తనంతట తాను ఎదురుపడాలి కదా. పంజరంలోది ఏం శకునం?

మరి ఎప్పుడూ తప్పేనా? కలివి కోడి సంగతి చూడాలి. 1900 తర్వాత ఎవరికీ కనపడక, అంతరించిందనుకున్న పిట్ట. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట దీపం వెలుగులో పట్టుకున్నాడు. ఆ పిట్ట బతకలేదు. తర్వాత వచ్చిన పరిశోధకులు బాటల్లో మెత్తటి మట్టి పరిచి, దాని మీద పడ్డ కాలిముద్రలు చదివారు. దాని కూత రికార్డు చేసి, పొదల్లో వినిపించి, జవాబొచ్చిన చోట్లు గుర్తుపెట్టుకున్నారు. అది ఎక్కడుందో తెలిసింది కాబట్టే తెలుగుగంగ కాలువ దారి మార్చగలిగారు. ఆ అబద్ధం నేనైనా చెప్పేవాణ్ణి. అక్కడ పిట్ట మోసపోయింది తన నేల కోసం, నా ఫొటో కోసం కాదు.

నా దగ్గర జవాబు లేనిది మావాడి మాటకే. "నీకు శని, ఆదివారాలు సెలవు. నాకు దొరికేది ఒక్క ప్లేడే. గంటలకొద్ది చెట్టు కింద కూసొని ఎదురుచూసుడు పైసలున్నోళ్ల నీతి రా. నా ఊరి అడివిల పిట్టను నేను ఇయ్యాలనే చూసిన." నలభై ఏళ్లకి దగ్గరపడుతున్న మనిషి. ఓపిక కూడా జీతంతో పాటే వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. పంజరానికీ ఈ అర నిమిషానికీ తేడా ఉందనీ, అది పెద్ద తేడానేననీ ఇప్పుడు ఒప్పుకుంటాను. అయినా వచ్చిన ప్రతివాడూ అర నిమిషం చొప్పున తీసుకుంటే, జూన్ అంతా ఆ పిట్ట గూడు వదిలి కాపలా కాస్తూనే ఉండాలి. అడవి దగ్గర అరనిమిషాల లెక్క ఎవరూ రాసుకోరు.

తిరుగు దారిలో, వాగు దాటాక ఇంకో పొన్నంగి ఈల వేసింది. కుర్రాడు ఫోన్ తియ్యలేదు. మొహమాటమో, ఛార్జింగ్ అయిపోయిందో. పది నిమిషాలు నిలబడ్డాం. మావాడికి తెల్లారితే ఫస్ట్ షిఫ్టు, టైమ్ చూసుకుంటున్నాడు. నేను ఈబర్డ్‌లో పొన్నంగి అంకె ఒకటి తీసేసి రెండు చేశాను. అక్కడ విన్నదీ చూసిందీ లెక్కలో ఒకటే.

"కనపడందాన్ని ఎట్ల రాస్తవ్ రా?" అన్నాడు మావాడు, కారు డోర్ తీస్తూ.