ప్రమాణం చేసిన నక్క

జంతువుకు ధర్మం ఉంటుందా? పిల్లల కోసం తీసిన ఒక యానిమేషన్ సీరియల్ ఈ ప్రశ్నను ఎంతో లోతుగా అడిగింది. బ్రిటిష్ రచయిత కోలిన్ డాన్ 1979లో రాసిన నవల ఆధారంగా బీబీసీ 1993 నుంచి ప్రసారం చేసిన ‘ది యానిమల్స్ ఆఫ్ ఫార్దింగ్ వుడ్’ అది. మనుషులు బుల్‌డోజర్లతో అడవిని చదును చేస్తుంటే జంతువులన్నీ బ్యాడ్జర్ బొరియలో సమావేశమవుతాయి. వైట్ డీర్ పార్క్ అనే అభయారణ్యానికి దారి తెలిసింది కప్పకు, నాయకత్వం నక్కకు. దారిలో ఒకదాన్నొకటి తినబోమని, ఆపదలో అండగా ఉంటామని ప్రమాణం చేశాకే అవి బయల్దేరతాయి. ఎలుకల మీద కన్నున్న పాము కూడా అయిష్టంగానే ఒప్పుకుంటుంది.

పెద్దచేప చిన్నచేపను మింగే స్థితిని మనవాళ్లు మత్స్యన్యాయం అన్నారు. దండించే రాజు లేకపోతే లోకం అలా తయారవుతుందని కౌటిల్యుడి హెచ్చరిక. శాంతిపర్వంలో భీష్ముడు చెప్పిన కథలో పలితుడనే ఎలుక, వలలో చిక్కిన లోమశుడనే పిల్లితో ఒప్పందం చేసుకుని వల కొరుకుతుంది. ఆపద గడిచాక పిల్లి ఎంత పిలిచినా దగ్గరికి పోదు. అవసరం తీరితే స్నేహమూ తీరిందని ఎలుక వాదం. ఫార్దింగ్ వుడ్ ప్రమాణమూ అవసరంలోంచే పుట్టింది. అయితే అది అక్కడ ఆగలేదు. వేగంగా పోగలిగినవి నెమ్మదిగా నడిచేవాటి కోసం ఆగాయి, చిన్నారి మోల్‌ను బ్యాడ్జర్ వీపున మోసింది. రాజు లేని చోట ధర్మం నిలిచింది. రాజ్యమూ చట్టమూ ఉన్న మనిషే ఆ కథలో పెద్దచేప.

నక్క ప్రమాణం చేయదు, ఇదంతా మనిషి ఊహ అని ఆక్షేపించవచ్చు. నిజమే. తత్త్వవేత్త టామ్ రీగన్ 1983లో ఈ తేడానే స్పష్టంగా చెప్పాడు: తప్పొప్పులు ఎంచి నడవగలవారు వేరు, ఆ నడవడి వల్ల మేలో కీడో పొందేవారు వేరు. జంతువులు రెండో కోవలోవి. కానీ ఈ మాట ఒప్పుకున్న మరుక్షణం బాధ్యత మొత్తం మన మీదికే వస్తుంది. నక్క మాట ఇవ్వలేదు సరే, ఇవ్వగలిగిన మనం ఇచ్చామా? ప్రకృతిని ముద్దుగా చూపించారన్న ఆక్షేపణ మాత్రం నిలవదు. భయంతో రోడ్డు మీద ముడుచుకున్న ముసలి హెడ్జ్‌హాగ్ జంట లారీ కింద నలిగిపోతుంది. ఒక పక్షి ఎలుక పిల్లలను ముళ్లకు గుచ్చుతుంది. పిల్లల సీరియల్ ఇంత కఠినంగా ఉండటం నాకు సాహసంగానే తోస్తుంది.

అసలు బలమైన ఆక్షేపణ గమ్యం గురించి. జంతువులకు ఒక పార్కు కేటాయించేస్తే మిగతా నేలంతా మనదేనా? రెండో భాగంలో ఆ పార్కులోకే దొంగ వేటగాళ్లు వస్తారు. కంచె వేసినంత మాత్రాన మన బాధ్యత తీరదు, ఎందుకంటే జీవి బతుకు కంచె దగ్గర ఆగదు. గూడుకూ నీటికీ మధ్య ఉన్న దారి కూడా దాని బతుకే. ఆ దారిని తెంచే హక్కు మనకు ఎవరిచ్చారు? పెంచ్ పులుల అడవి గుండా పోయే 44వ నంబరు జాతీయ రహదారిని స్తంభాల మీద లేపి, కింద జంతువులకు దారి వదిలారు. పులులు ఆ దారిన నడవడం కెమెరాలకు చిక్కింది. అదే రహదారి ఆదిలాబాద్ మీదుగా హైదరాబాద్‌కు వస్తుంది. మన అడవుల్లో వేసే ప్రతి రోడ్డుకూ అలాంటి దారులు కావాలని అడుగుదాం.