ఖాళీ సీటు



నిజాంపేటలో ఒక పెద్దాయన ఉన్నారు. పేరు రాయవద్దన్నారు, రాయను. ఆల్విన్ కర్మాగారంలో బస్సుల బాడీలు కట్టే విభాగంలో పాతికేళ్లు పనిచేసి, 1990లలో బయటికి వచ్చారు. ఆయన ఇంటి వెనుక రేకుల షెడ్డులో నాలుగు పాత బండ్లు ఉన్నాయి. 1960ల నాటి అంబాసిడర్ మార్క్ టూ ఒకటి, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఒకటి, 1971 నాటి ఫియట్ ఒకటి, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోనే తయారైన పుష్పక్ స్కూటరు ఒకటి. అన్నీ ఇనుప సామాన్ల కొట్ల దగ్గర, షెడ్డుల వెనుక పడి ఉండగా తెచ్చుకున్నవే.

ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక ఆయన నన్ను గుడి వరండాలో ఆపి అడిగారు: "ఫాదర్, పాత కార్లమీద ఇంత పిచ్చి ఉండటం పాపమంటారా?" (ఇది పాపసంకీర్తనంలో అడిగిన మాట కాదు. అక్కడ అడిగి ఉంటే ఈ శీర్షికలోకి వచ్చేదే కాదు.)

నేను తొందరపడ్డాను. గురువులకు ఉండే జబ్బే అది, ప్రశ్న పూర్తికాకముందే వాక్యం నోటికి వస్తుంది. మత్తయి సువిశేషం ఆరవ అధ్యాయం గుర్తుచేశాను. ఈ లోకంలో కూడబెట్టిన దానిని తుప్పు తినివేస్తుందని ప్రభువు హెచ్చరించాడు కదా అన్నాను. ఆయన నవ్వారు. "తుప్పు సంగతి నాకు చెప్పకండి ఫాదర్. ఒకసారి ఇంటికి రండి, నేను చూపిస్తాను" అన్నారు.

వెళ్లాను. మీలో చాలామందికి తెలిసిన ప్రాంతమే. ఒకప్పుడు నిజాంపేట అంటే పంచాయతీ, పొలాలు, చెరువు. 2019లో అది నగరపాలక సంస్థ అయింది. జేఎన్‌టీయూ దగ్గర మెట్రో దిగి లోపలికి వస్తుంటే రోడ్డుకు ఇరువైపులా అపార్టుమెంట్లే. హైటెక్ సిటీకి ఉద్యోగానికి వెళ్లే పిల్లలు ఉదయం బండ్లమీద బారులు తీరి ఉంటారు. ఆ అపార్టుమెంట్ల మధ్య ఈయన ఇల్లు, వెనుక షెడ్డు, ముందు వేపచెట్టు. ఆ స్థలానికి ఇప్పుడు ఎంత పలుకుతుందో ఆయనకు తెలుసు, ఆయన కొడుక్కి ఇంకా బాగా తెలుసు.

షెడ్డులో ఆయన మొదట చూపించింది మెరుస్తున్న బండిని కాదు. హెరాల్డ్ తలుపు తెరిచి, కింద మడత దగ్గర వేలితో తట్టారు. ఒకచోట గట్టి శబ్దం, పక్కనే బోలు శబ్దం. "పైన రంగు బాగానే ఉంది చూశారా? లోపల తినేసింది" అన్నారు. తుప్పు ఎప్పుడూ నీరు నిలిచేచోట మొదలవుతుందట. వానాకాలంలో కాళ్లకింది చాపలు తడిసి, ఎవరూ ఎత్తి ఆరబెట్టరు. ఆ తడి కింద నేల రేకు నెమ్మదిగా పోతుంది. తుప్పు ఇనుముకంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రంగు పొక్కులా ఉబ్బుతుంది. ఆ పొక్కు కనిపించే సరికి లోపల పని చాలామటుకు అయిపోయి ఉంటుంది. కొందరు దానిమీద పుట్టీ పెట్టి, రంగు కొట్టి అమ్మేస్తారు. నిజంగా బాగుచేయాలంటే కుళ్లిన భాగం కోసి తీసేయాలి, కొత్త రేకు వెల్డింగు చేయాలి, ఆ తరువాతే రంగు. ఆత్మశోధన గురించి నేను చేసిన ప్రసంగాలలో ఏ ఒక్కటీ ఇంత స్పష్టంగా లేదని ఒప్పుకుంటున్నాను.

"ఇంకో సంగతి ఫాదర్, తిరిగే బండికంటే నిలబెట్టిన బండే తొందరగా చస్తుంది" అన్నారు. ట్యాంకులో పెట్రోలు జిగురైపోయి కార్బురేటరు సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. రబ్బరు సీళ్లు ఎండి పగులుతాయి. బ్రేకు సిలిండర్లు బిగుసుకుపోతాయి. టైర్లు నేలకు ఆనినచోట చదునైపోతాయి. దాచిపెట్టి కాపాడామనుకున్న బండి కదలక, కదలక పాడవుతుంది.

ఇంత శ్రమ ఎందుకని అడిగాను. సమాధానం నేను ఊహించినది కాదు. కర్మాగారంలో ఇన్నేళ్లూ ఆయన చేసింది ఒకే పని: రేకుకు రివెట్లు కొట్టడం. ఆ తరువాత బస్సు ముందుకు వెళ్లిపోయేది, ఇంకొకటి వచ్చేది. ఒక్క బండినైనా మొదటినుంచి చివరిదాకా తన చేతులమీదుగా చూడలేదు. 1942లో మొదలైన ఆ సంస్థ 1990లలో ముక్కలైంది, ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్‌లో కలిసింది. కూకట్‌పల్లిలో ఆల్విన్ కాలనీ, మియాపూర్‌లో ఆల్విన్ క్రాస్‌రోడ్స్ అనే పేర్లు మాత్రం మిగిలాయి. "ఒక బండిని నట్టునట్టు విప్పి, మళ్లీ బిగించి, తాళంచెవి తిప్పితే అది నడవాలి. అది నాకు కావలసి వచ్చింది ఫాదర్" అన్నారు.

ప్రియ పాఠకులారా, దీనిని వ్యామోహం అని కొట్టిపారేయడం నాకు చేతకాలేదు. పోపు రెండవ జాన్ పౌలుగారు 1981లో శ్రమను గురించి విశ్వలేఖ రాసినప్పుడు, పనికి విలువ తెచ్చేది అందులో తయారైన వస్తువు కాదు, ఆ పని చేసే మనిషి అని నొక్కి చెప్పారు. అంతకు ముందే, 1955లో, పన్నెండవ భక్తినాథ పోపుగారు మే 1వ తేదీని శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగగా నిర్ణయించారు. ఆ నజరేతు వడ్రంగి ఒక కాడిని మొదటినుంచి చివరిదాకా చేసి ఉంటాడు. దానిని భుజానికెత్తుకుని పోయే రైతు ముఖం చూసి ఉంటాడు. ఆ సంతోషం మన పెద్దాయనకు కర్మాగారంలో దొరకలేదు, షెడ్డులో వెతుక్కున్నారు. ఇందులో పాపం ఏముంది? బెతానియలో ఒక స్త్రీ వెలగల పరిమళ తైలాన్ని ప్రభువుపై కుమ్మరిస్తే, దండగ అని గొణిగింది శిష్యులే. ప్రభువు అనలేదు.

ఈ మాటలే చెప్పి, టీ తాగి లేవబోయాను. అప్పుడు ఆయన అసలు విషయం చెప్పారు.

ఆ ఫియట్‌ను బాగుచేయడానికి తొమ్మిదేళ్లు పట్టిందట. ఆదివారాలు ఇంట్లోవాళ్లకు కనిపించింది బండి కిందనుంచి బయటికి వచ్చిన ఆయన పాదాలే. భార్య ఒక్కసారీ విసుక్కోలేదు. బండి పూర్తయ్యాక ఆమె ఒకే ఒక కోరిక కోరింది: "ఏమండీ, ఫిబ్రవరిలో గుణదల మాత తిరునాళ్లకు ఈ కారులో వెళ్దామా?" వారిది కృష్ణా జిల్లా. 1924 నుంచి ఆ కొండమీద వెలసిన లూర్దుమాత అంటే ఆమెకు ప్రాణం. ఈయన వద్దన్నారు. దూరం రెండువందల డెబ్బై కిలోమీటర్లు, లారీలు రాళ్లు ఎగరగొడతాయి, కొత్త రంగు పోతుంది అన్నారు. ఇద్దరూ బస్సులో వెళ్లారు. మరుసటి ఏడు మళ్లీ అడిగింది, మళ్లీ బస్సే. మూడో ఏడు ఆమె అడగలేదు. నాలుగో ఏడు ఆమె లేదు.

"ఆ ఎడమ సీటులో ఆమె ఎప్పుడూ కూర్చోలేదు ఫాదర్. సీటు ఇప్పటికీ కొత్తగానే ఉంది."

నేనేమీ అనలేదు. అనడానికి నా దగ్గర వాక్యం ఏదీ సిద్ధంగా లేదు.

పాతబస్తీలో చౌమహల్లా ప్యాలెస్ చూసినవారు అక్కడ పసుపురంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూసే ఉంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దానిని తయారుచేయమని ఆజ్ఞాపించారు. వెనుక భాగంలో సింహాసనంలాంటి ఎత్తైన ఆసనం. బండి రాకముందే, 1911లో, ఆయన కన్నుమూశారు. తరువాత ఏడవ నిజాం దానిని ఉత్సవాలకు మాత్రమే వాడారు. దశాబ్దాల జీవితంలో ఆ బండి తిరిగింది కొన్ని వందల మైళ్లే. అందమైన బండి, సందేహం లేదు, నేనూ దానిముందు చాలాసేపు నిలబడ్డాను. అదే ఏడవ నిజాం కాలంలో, 1932లో, నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. ఆనాటి అల్బియన్ బస్సు ఒకదానిని మన ఆర్టీసీవారు భద్రపరిచారు. దానిలో ఎంతమంది ఆసుపత్రికి వెళ్లారో, ఎంతమంది పెళ్లికి వెళ్లారో, ఏ పుస్తకంలోనూ రాసి లేదు.

పవిత్ర గ్రంథంలోనూ ఒక బండి ఉంది. అపోస్తలుల కార్యములు ఎనిమిదవ అధ్యాయం తెరవండి. ఇతియోపియా రాణి కోశాధికారి యెరూషలేము నుంచి గాజా దారిన తన రథంలో వెళ్తున్నాడు. ధనవంతుడే, రథం చిన్నదేమీ అయి ఉండదు. ఫిలిప్పు దుమ్ముకొట్టుకుపోయిన కాళ్లతో పక్కన పరుగెత్తుతున్నాడు. రాజోద్యోగి తన రథంలో తివాచీ పాడవుతుందని ఆలోచించలేదు. పైకి వచ్చి తన పక్కన కూర్చోమని బతిమాలాడు. ఆ రోజు అతనికి జ్ఞానస్నానం దొరికింది ఆ పక్క సీటువల్లనే.

కార్లు లేనివారు ఇది మనకు కాదులే అనుకోకండి. బీరువాలో పదేళ్లుగా మడత విప్పని పట్టుచీర, చుట్టాలు వస్తే వాడదామని పైన పెట్టిన కప్పులు, ప్లాస్టిక్ కవరు తీయని సోఫా, అమ్మను కూర్చోనివ్వని కొత్త కారు. నా బల్లమీద కూడా ఒకటి ఉంది: అభిషేక దినాన బహుమతిగా వచ్చిన పెన్ను. రాస్తే పాడవుతుందని ఇన్నేళ్లూ ఇంకు పోయలేదు. ఈ వ్యాసం రాద్దామని మొన్న తీస్తే లోపలి రబ్బరు ఎండిపోయి ఉంది.

పెద్దాయన విషయానికి వస్తాను. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాలకు కొత్త నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండ్లను 'వింటేజ్'గా నమోదు చేసుకోవచ్చు. నంబరు ప్లేటుమీద వి.ఎ. అనే అక్షరాలు వస్తాయి. అభిమానులకు అది పెద్ద గౌరవం. అయితే ఆ నమోదు ఉన్న బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలుకో తప్ప మామూలుగా రోడ్డుమీద తిప్పకూడదు. ఫియట్‌కు ఆ అక్షరాలు తెచ్చుకోవాలని ఆయన కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నారు. నేను ఇంటికి వెళ్లి వచ్చిన నెల తరువాత కలిసినప్పుడు, ఆ కాగితాలు పక్కన పెట్టేశానన్నారు. అంబాసిడర్‌కు తెచ్చుకుంటారట. ఫియట్‌కు మాత్రం మామూలు రిజిస్ట్రేషనే మరో ఐదేళ్లకు పొడిగించుకున్నారు.

మొన్న ఫిబ్రవరి 9న పొద్దున్నే నా ఫోను మోగింది. సూర్యాపేట దాటాక రోడ్డుపక్కన ఆగారట. రేడియేటరు మరిగింది, బానెట్ ఎత్తి ఉంచారు, చల్లబడేదాకా మూత తీయకూడదు. వెనుక సీటులో మా విచారణకు చెందిన ముగ్గురు బామ్మలు జపమాల చెబుతున్న గొంతులు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. ముగ్గురికీ బస్సెక్కే ఓపిక లేదు, గుణదల చూసి చాలా ఏళ్లయింది. ముందు ఎడమ సీటులో ఎవరున్నారని అడిగాను.

"నాలుగో ఆవిడ ఫాదర్. పులిహోర డబ్బా మూత ఊడింది. సీటంతా నూనె" అన్నారు ఆయన. కోపంగా ఉన్నారేమో అని ఒక క్షణం ఆగాను. అటువైపు ఆయన నవ్వుతున్నారు.