అద్దె కిరీటం

రామాయంపేటలో మా బడిలో నవంబర్ 14న వేషాల పండుగ. వేషమేసిన ప్రతి పిల్లా ఇరవై రూపాయలు డబ్బాలో వెయ్యాలి, ఆ సొమ్ము పేదలకు. కృష్ణుడి కిరీటం అద్దె మూడు వందలు. లెక్కల పంతుల్నే, అయినా ఈ లెక్క నాకెప్పుడూ కుదరదు.

పోయినేడు ఒకడు బిచ్చగాడి వేషంలో వచ్చాడు. కొత్త చొక్కాను బ్లేడుతో చింపి, మొహానికి మసి పూసి, చేతిలో సత్తు గిన్నె. మొదటి బహుమతి వాడికే. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. వెనక వరసలో ఒక పిల్లాడు యూనిఫామ్‌లోనే నిలబడ్డాడు, జేబు దగ్గర వేరే రంగు దారంతో కుట్టు. "ఏం రా, ఏశమెయ్యలే?" అన్నాను. "అమ్మకు బీడీల పైసలు రాలే సార్."

వేషానికీ దానానికీ మనకు పాత చుట్టరికమే. పగటివేషగాళ్లు ఇల్లిల్లూ తిరిగి ఆడి, వడ్లు పోయించుకునేవాళ్లు. నన్నడిగితే అది బిచ్చం కాదు, విద్యకు కూలి. బలి దగ్గర వామనుడూ వేషంతోనే చెయ్యి చాచాడు. వేషం అడిగేవాడిది, ఇచ్చేవాడు ఉన్నది ఉన్నట్టే నిలబడ్డాడు. మనం దాన్ని తిరగేశాం, ఇచ్చే పిల్లలకే వేషం, దానికో బహుమతి. మనసు కష్టపెట్టుకుని, ఫలం ఆశించి ఇచ్చేది రాజస దానమని భగవద్గీత 17వ అధ్యాయం. అలా కాని దానమూ మా పొరుగునే ఉంది: మెదక్ చర్చి 1924 క్రిస్మస్‌కు తెరుచుకుంది. కరువులో ఆకలిగొన్నవాళ్లకు పని చూపించి కట్టించారు దాన్ని, వాళ్ల ఆకలిని వేదికెక్కించలేదు.

ఈ ఏడు డబ్బా నా బల్ల మీదే, మూతతో ఉంటుంది. ఎవరెంత వేశారో రాయను. అమ్మలారా, నాయనలారా, కిరీటాలు అద్దెకు తేకండి.